చెవి అందిందా, లేదా

ప్రశ్న: కూకట్‌పల్లిలో 2025 ఆగస్టులో పదేళ్ల పాపను పొరుగున ఉండే పదో తరగతి కుర్రాడు చంపేశాడు. దొంగతనానికి వచ్చి, పాప చూసిందని పొడిచాడని పోలీసులు చెప్పారు. వాడికి మహా అయితే మూడేళ్లేనని టీవీలో ఒక లాయరుగారు అన్నారు. మాకూ ఆ వయసు పిల్లే ఉంది. దాన్ని ఇంట్లో వదిలి డ్యూటీకి వెళ్లాలంటే రోజూ టెన్షనే. ఇదేం చట్టం మేడమ్? పెద్దల్లా విచారించే వయసును పదహారు నుంచి పద్నాలుగుకు దించకూడదా?
– ఒక తల్లి, మియాపూర్

జవాబు: లాయరుగారు చెప్పింది నిజమేనమ్మా. నేరం జరిగిన రోజుకు పదహారేళ్లు నిండకపోతే, అది హత్యే అయినా సరే, మైనర్ల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ఆ పిల్లవాడిని స్పెషల్ హోంలో ఉంచగలిగేది మూడేళ్లే. ఆ పైన ఒక్కరోజు కూడా కుదరదు. మీకు కోపం రావడం తప్పని నేను అనను. ముప్పై ఏళ్లు ఇలాంటి పిల్లల మధ్యే ఉద్యోగం చేసినదాన్ని, ఆ వార్త చూసిన రాత్రి నాకూ అన్నం సయించలేదు.

1989లో ప్రొబేషన్ ఆఫీసర్‌గా చేరి 2019లో రిటైరయ్యాను. మూడు చట్టాలు చూశాను. నేను చేరేనాటికి 1986 చట్టం నడుస్తోంది. దాని ప్రకారం మైనర్ అంటే ఆడపిల్లలకు పద్దెనిమిది లోపు, మగపిల్లలకు పదహారు లోపు. అంటే పదహారు దాటిన కుర్రాడు మా హోంకు వచ్చేవాడే కాదు, పెద్దల కోర్టుకే వెళ్లేవాడు. మీరు ఇప్పుడు కోరుకుంటున్న పద్ధతి ఒకప్పుడు ఉన్నదేనన్నమాట. అప్పుడేం జరిగేదో ఒకటి చెప్తాను. వేరే పని మీద ఒక సబ్‌జైలుకు వెళ్తే, పదిహేడేళ్ల కుర్రాడొకడు బ్యారక్‌లో ఓ పెద్దమనిషి కాళ్లు నొక్కుతున్నాడు. కుర్రాడిది సైకిల్ దొంగతనం కేసు, ఆ పెద్దమనిషి ఇళ్ల తాళాలు పగలగొట్టడంలో ఆరితేరినవాడు. ఆరు నెలల తర్వాత ఇద్దరూ ఒకే కేసులో దొరికారు. జీతం లేని అప్రెంటిస్‌షిప్ అనేవారు మా సూపరింటెండెంట్‌గారు.

బాలల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. దాని ప్రకారం 2000 చట్టం ఆడ, మగ తేడా లేకుండా వయసును పద్దెనిమిది చేసింది. 2012 డిసెంబరు 16 ఢిల్లీ ఘోరం తర్వాత మళ్లీ కదలిక వచ్చింది. ఆ ఆరుగురిలో ఒకడికి పద్దెనిమిది నిండటానికి కొన్ని నెలలు తక్కువ. మూడేళ్లు పూర్తయి 2015 డిసెంబరు 20న బయటికొచ్చాడు. మేలో లోక్‌సభ ఆమోదించినా రాజ్యసభలో ఆగిపోయిన కొత్త చట్టం బిల్లు డిసెంబరు 22న పాసయింది. ఆ రెండు రోజుల తేడా చూశారా? కొత్త చట్టం అతనికి ఎలాగూ వర్తించదు, వెనక్కి వెళ్లి శిక్ష వేయడం కుదరదు. అయినా అప్పుడు గుర్తొచ్చింది. అలా వచ్చిందే ఇప్పటి 2015 చట్టం. పదహారు నుంచి పద్దెనిమిది లోపువాళ్లు అతి ఘోరమైన నేరం చేస్తే, మేజర్‌లా విచారించాలా వద్దా అని బోర్డు తేల్చవచ్చు. 2022లో జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో ఐదుగురు మైనర్లుంటే, నలుగురిని అలా విచారించాలని బోర్డు చెప్పింది ఈ చట్టం కిందే.

ఇక మీ అసలు ప్రశ్న. పదహారును పద్నాలుగుకు దించాలా? నేను ఒప్పుకోను. కానీ ఇప్పుడున్నది సరిపోతుందని కూడా అనను. ఎందుకో చెప్పాలంటే ఇద్దరు కుర్రాళ్ల సంగతి చెప్పాలి.

మొదటివాడు పదిహేనేళ్లవాడు, రోకలిబండతో మనిషిని కొట్టి చంపాడు. వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రాత్రి మంచం మీద కాకుండా మంచం కింద పడుకునేవాడు. వార్డెన్ తిట్టినా, బతిమాలినా అంతే. నా రిపోర్టులో "ఎదురు తిరుగుతాడు, సహకరించడు" అని రాశాను. రెండో ఏడాది ఎప్పుడో వడ్రంగం మాస్టారి దగ్గర కుదురుకున్నాడు. ఒకరోజు చిన్న స్టూలు చేసి తెచ్చి, "మేడమ్, మీ కుర్చీ ఎత్తు, మీ కాళ్లు కిందికి అందట్లేదు" అన్నాడు. నేను పొట్టిదాన్నిలెండి. ఆ స్టూలు ఇప్పుడు మా దేవుడి గదిలో ఉంది. అతను గుంటూరు వైపు తలుపులు, కిటికీల పని చేసుకుంటూ, ఇద్దరు పిల్లలతో ఉన్నాడు.

రెండోవాడు బంగారుకొండ. అతనిదీ హత్య కేసే, డబ్బు దగ్గర గొడవ. పొద్దున్నే చొక్కా మడత నలగకుండా వేసుకుని "నమస్తే మేడమ్" అనేవాడు. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేవాడు. క్యారమ్ బోర్డుకు స్ట్రైకర్ పోతే గాజు ముక్కలు, సోడా మూతలతో ఆడుతూ కొట్లాడుకునేవాళ్లకు పంచాయితీ చేసేవాడు. "ప్రవర్తన మిక్కిలి సంతృప్తికరం" అని నా చేతులతో నేనే రాశాను. బయటికెళ్లిన ఎనిమిదో నెలలో గొలుసు లాగాడు. ఆ పెనుగులాటలో ఓ ముసలామె కిందపడి, వారం తిరక్కుండా ఆస్పత్రిలో పోయింది. నా రిపోర్టు కాపీ ఇంకా నా దగ్గరుంది. పారేయబుద్ధి కాలేదు.

ఇద్దరి విషయంలోనూ నా అంచనా తప్పే, తలకిందులుగా తప్పు. మొదటివాడిని మొదటి ఏడాదిలో చూసి ఎవరైనా "వీడు మారడు, జైల్లో వేయండి" అనేవారు. అందుకే వయసు దించవద్దంటాను. రెండోవాడి దగ్గరేమో ఆరోజు మా చేతుల్లో ఏమీ లేదు. మూడేళ్లు అయ్యాయి, గేటు తీయాలి. మంచివాడా, చెడ్డవాడా, అనుమానమా అని అడిగే దిక్కే లేదు. నన్నడిగితే, పదహారు లోపువాళ్లను పెద్దల కోర్టుకు పంపనక్కర్లేదు. హత్య, అత్యాచారం లాంటి కేసుల్లో మాత్రం ఆ మూడేళ్ల గడువును తీసేయాలి. ఇరవై ఒకటి వచ్చేదాకా ఏటా బోర్డు కూర్చుని చూడాలి. ఏడాదికే పంపవచ్చు, ఐదేళ్లయినా ఉంచవచ్చు. పదహారు దాటి మేజర్‌గా శిక్షపడ్డవాళ్లకు చట్టంలో ఇలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఇరవై ఒకటి వరకు వాళ్లను జైల్లో కాకుండా 'ప్లేస్ ఆఫ్ సేఫ్టీ'లో ఉంచుతారు. ఆ తర్వాత మారాడా లేదా అని కోర్టు చూసి, వదలడమో మిగతా శిక్షకు జైలుకు పంపడమో చేస్తుంది. చిన్నవాళ్లకూ ఒక సమీక్ష పెడితే పోయేదేముంది?

ఒక్క లెక్క మాత్రం చెప్పి ముగిస్తాను. 2022లో దేశంలో నమోదైన నేరాలు 58 లక్షల పైచిలుకు. వాటిలో పద్దెనిమిది లోపువాళ్ల మీద పెట్టిన కేసులు 30,555. అందులోనూ దొంగతనాలే బోలెడు. టీవీ చూస్తే ప్రతి గడపలో ఒక బాల హంతకుడున్నాడనిపిస్తుంది. ఈ లెక్క ఆ పాప తల్లిదండ్రులకు ఎందుకూ పనికిరాదు. మీ టెన్షన్ కొంచెం తగ్గుతుందేమోనని మీకు చెప్పానంతే.

ప్రశ్న: మా అక్క కొడుకు వినాయక నిమజ్జనంలో డీజే దగ్గర జరిగిన గొడవలో ఇరుక్కున్నాడు. అవతలి కుర్రాడికి కత్తిపోటు పడి, నాలుగో రోజు చనిపోయాడు. మావాడికి స్కూలు లెక్క ప్రకారం పదిహేడేళ్ల నాలుగు నెలలు. ఆధార్‌లో పద్దెనిమిది దాటింది. మేజర్‌గా విచారిస్తారని కొందరు, ఏదో పరీక్ష పెడతారని కొందరు అంటున్నారు. మాకేం తోచట్లేదు.
– ఒక మేనమామ, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు వయసు సంగతి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో, ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో, స్పష్టంగా చెప్పింది. బోర్డు మొదట చూసేది స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్టో, పదో తరగతి మెమోనో. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. కాబట్టి మెమో జాగ్రత్తగా దాచండి. మొదట చేరిన బడి నుంచి అడ్మిషన్ రిజిస్టర్ నకలు కూడా తీసుకోండి. నేరం జరిగిన రోజు వయసే లెక్క, అరెస్టు రోజుది కాదు.

ఆ రిజిస్టర్ల మాట వచ్చింది కనుక చెప్తున్నాను. ఒకసారి వయసు విచారణకు ఓ పల్లెటూరి బడికి వెళ్లాను. హెడ్‌మాస్టారు బీరువా తీసి, చెదలు కొట్టిన పుస్తకం దులిపి ఇచ్చారు. ఒకటో తరగతిలో ఆ ఏడు చేరినవాళ్లు ఇరవై ముగ్గురు. అందులో పందొమ్మిది మంది జూన్ ఒకటినే పుట్టారు! "ఇదేంటండీ?" అంటే ఆయన నవ్వి, బయట ఆడుకుంటున్న ఓ పిల్లవాడిని పిలిచి, కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నారు. వేళ్లు చెవికి తగిలాయి. "అందింది కదమ్మా, ఐదు నిండినట్టే. జూన్ ఒకటి రాసుకుంటాం" అన్నారు. మీలో సగంమంది పుట్టినరోజులూ ఇలా వచ్చినవేనని మీకూ తెలుసు. ఆ రోజు చెవి అందిందా లేదా అన్నదాన్ని బట్టి, పన్నెండేళ్ల తర్వాత ఒక కుర్రాడు హోంకు వెళ్లాలా, జైలుకు వెళ్లాలా అన్నది తేలుతోంది.

అయినా ఆ పుస్తకాన్ని తీసిపారేయకండి. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డ ఒకతన్ని సుప్రీంకోర్టు 2023 మార్చిలో వదిలేసింది. రాజస్థాన్‌లోని అతని బడి రిజిస్టర్ ప్రకారం నేరం నాటికి అతనికి పన్నెండున్నరేళ్లే. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. మైనర్‌నని ఏ దశలోనైనా, కేసు ముగిసిపోయాక కూడా చెప్పుకోవచ్చని చట్టంలో ఉంది కాబట్టే బయటపడ్డాడు.

ఇక ఆ 'పరీక్ష'. దాన్ని ప్రిలిమినరీ అసెస్‌మెంట్, అంటే ప్రాథమిక అంచనా, అంటారు. పదహారు నిండినవాడు చేసిన నేరానికి చట్టంలో కనీస శిక్ష ఏడేళ్లు, ఆ పైన ఉంటేనే ఇది పెడతారు. హత్యకు కనీసం యావజ్జీవం కాబట్టి మీవాడికి పెడతారు. ఇక్కడో విచిత్రం ఉంది. హత్యాయత్నానికి గరిష్ఠ శిక్ష పెద్దదే కానీ కనీస శిక్ష అంటూ లేదు. అంటే ఆ కుర్రాడు ఆస్పత్రిలో బతికి ఉంటే అదే కత్తి, అదే చెయ్యి, అదే పోటు, కానీ మీవాడిని మేజర్‌గా విచారించే ప్రశ్నే రాదు. నాలుగో రోజు అతను పోయాడు కాబట్టి వచ్చింది. మీవాడి మనసు ఆ నాలుగు రోజుల్లో ఏం మారింది? మన చట్టంలో నాకు మింగుడుపడని చోటు ఇదే.

బోర్డు మూడు విషయాలు చూస్తుంది. ఆ నేరం చేయగల శారీరక, మానసిక శక్తి ఉందా? దాని పర్యవసానం తెలుసుకునే తెలివి ఉందా? ఏ పరిస్థితుల్లో చేశాడు? చేశాడా లేదా అన్నది ఇక్కడ తేల్చరు, అది విచారణలో. మూడు నెలల్లో ముగించాలి. కానీ గడువు దాటిందని అంచనా చెల్లకుండా పోదని 2024లో సుప్రీంకోర్టు అంది. బోర్డులో ఒక మెజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. వాళ్లలో మానసిక శాస్త్రం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలి.

కాగితం మీద బాగుంది. నేను చూసినవాటిలో చాలా వరకు నలభై నిమిషాల్లో అయిపోయేవి. "మనిషిని చంపితే ఏమవుతుందో తెలుసా?" అంటే "తెలుసు సార్, జైల్లో వేస్తారు" అంటాడు. "పర్యవసానం తెలుసు" అని టిక్కు పడుతుంది. ఎనిమిదేళ్లవాడిని అడిగినా అదే చెప్తాడు కదా? తెలియడం వేరు, డప్పులు మోగుతూ పదిమంది కుర్రాళ్లు "వెయ్‌రా" అని అరుస్తున్నప్పుడు చెయ్యి ఆపుకోగలగడం వేరు. అందుకని మీరు చేయాల్సింది మూడో అంశం మీద, పరిస్థితుల మీద. ఆ రాత్రి ఎవరెవరున్నారు, కత్తి ఎవరిది, తాగించిందెవరు, ఇంతకు ముందు పాత కక్షలున్నాయా. మొదట ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చి సోషల్ రిపోర్టు రాస్తారు. ఆవిడకు, లేదా ఆయనకు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. "మావాడు దేవుడు, చీమకు కూడా హాని చేయడు" అని వీధి వీధంతా పిలిచి చెప్పించకండి. మేం రోజూ వినే మాట అది, పెన్ను కింద పెట్టేస్తాం.

మేజర్‌గా విచారించాలని బోర్డు అన్నా, కేసు బాలల కోర్టుకు వెళ్తుంది. ఆ కోర్టు మళ్లీ చూసి, అవసరం లేదనీ అనవచ్చు. ఉరిశిక్షగానీ, విడుదలకు వీల్లేని యావజ్జీవంగానీ మీవాడికి వేయకూడదు. పోలీసు లాకప్‌లోనో, జైల్లోనో ఉంచారంటే వెంటనే బోర్డుకు చెప్పండి, అది చట్టవిరుద్ధం.

ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా. పోయినవాడి ఇంట్లో దినాలు జరుగుతున్నప్పుడు మీ వాళ్లెవరూ రాజీ మాటలు పట్టుకుని ఆ గుమ్మం తొక్కవద్దు.

ప్రశ్న: అమెరికాలో చిన్నవాళ్లనైనా పెద్దవాళ్లలా విచారించి లోపలేస్తారు. మనవాళ్లే ఇంత మెత్తగా ఎందుకు?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మీరుండే దేశమే వెనక్కి వస్తోంది నాయనా. పదిహేడేళ్లకు హత్య చేసిన ఒకతని కేసులో, పద్దెనిమిది లోపు చేసిన నేరానికి మరణశిక్ష కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. అప్పటిదాకా వేసేవారు. 2012లో, పద్నాలుగేళ్ల వయసులో నేరం చేసిన ఇద్దరి కేసుల్లో, పెరోల్ లేని యావజ్జీవాన్ని అలాంటివాళ్లకు తప్పనిసరి చేయకూడదంది. అక్కడ గట్టి శిక్షలున్న కాలంలోనూ బడుల్లో తుపాకులు పేలడం ఆగలేదు, ఆ వార్తలు నాకంటే మీకే ముందు తెలుస్తాయి.

ప్రశ్న: పుణె పోర్షే కారు కేసులో ఇద్దరిని చంపినవాడికి 300 పదాల వ్యాసం రాయమన్నారట. డబ్బున్నవాళ్లకో చట్టమా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: 2024 మేలో ఆ వ్యాసం షరతు చదివి నేనూ కాఫీ పక్కన పెట్టేశాను. దుమారం రేగాక బోర్డే ఆ కుర్రాడిని హోంకు పంపింది. మేజర్‌గా విచారించాలన్న పోలీసుల పిటిషన్‌ను మాత్రం 2025 జులైలో తోసిపుచ్చింది. ఇది ఆ బోర్డు దయ అనుకోకండి. పైన చెప్పిన కనీస శిక్ష లెక్కే ఇక్కడా. హత్య కిందికి రాని ప్రాణహరణానికి ఏడేళ్ల కనీస శిక్ష లేదు. ఢిల్లీలో 2016లో ఇలాగే ఒక మైనర్ కారు గుద్ది ఓ యువకుడు పోతే, ఆ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఇది. డబ్బు సంగతి మీరన్నది అబద్ధమనను. మంచి లాయరు మొదటి రోజే వస్తాడు, పేదవాడికి పదో రోజు వస్తాడు. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం, మైనర్‌కు బండి ఇచ్చిన తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా ఉన్నాయి. మీ వీధిలో బుల్లెట్ నడిపే తొమ్మిదో తరగతి కుర్రాడి నాన్నగారికి ఇది చదివి వినిపించండి.

ప్రశ్న: మా తమ్ముడిని పదహారున్నరేళ్ల కుర్రాడు చంపాడు. వాడిని మేజర్‌గా విచారించక్కర్లేదని బోర్డు చెప్పిందని ఎవరో అంటే తెలిసింది. మాకు కాగితం రాలేదు, పిలుపు రాలేదు. అడిగితే "పిల్లల కేసు, బయటికి చెప్పం" అన్నారు. మేం మనుషులం కామా?
– ఒక అక్క, అనకాపల్లి జిల్లా

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లలో నేను నిందితుల ఇళ్లకు వందలసార్లు వెళ్లాను. చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా ఫారంలో ఆ కాలమ్ ఉండేది కాదు. మేమూ అడగలేదు.

పిల్లవాడి పేరు, ఫొటో, బడి పత్రికల్లో, సోషల్ మీడియాలో వేయకూడదు, అది చట్టమే. ఆ సాకుతో నీకు ఉత్తర్వు దాచకూడదు. బోర్డు కార్యాలయంలో ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టు, అర్జీ మీద రసీదు ముద్ర వేయించుకో. ఆ ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకునే వీలుంది. గడువు ముప్పై రోజులు, దాటినా తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. "నాకు చెప్పలేదు" అన్నది తగిన కారణమే, ఆ ముద్ర ఉన్న అర్జీ అప్పుడు పనికొస్తుంది.

బాధితుల మాట నడవదనుకోకు. 2017లో గురుగ్రామ్‌లోని ఓ బడిలో ఏడేళ్ల బాబు హత్యకు గురయ్యాడు. మొదట బస్సు కండక్టర్‌ను పట్టుకున్నారు, తర్వాత సీబీఐ పదకొండో తరగతి కుర్రాడిని నిందితుడిగా చూపింది. ఆ బాబు తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2022 జులైలో కోర్టు ఆయన అడిగింది ఇవ్వలేదు. అంచనా సరిగా జరగలేదు, మళ్లీ చేయండని చెప్పిన హైకోర్టు మాటనే నిలబెట్టింది. నిపుణులు తప్పనిసరి అని నేను పైన చెప్పింది ఆ తీర్పులోదే. మళ్లీ చేశాక, అక్టోబరులో, మేజర్‌గానే విచారించాలని బోర్డు తేల్చింది. ఐదేళ్లు పట్టింది, అది కూడా నీకు ముందే చెప్పాలి.

పరిహారం సంగతి వేరు, దానికి కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, తమ్ముడి మీద ఎవరు ఆధారపడి ఉన్నారో ఆ వివరాలు జత చెయ్యి. తాత్కాలిక సాయం కూడా అడుగు. అప్పీలుకు లాయరును పెట్టుకునే స్థోమత లేకపోతే అక్కడే ఉచితంగా ఇస్తారు, ఆడవాళ్లకు ఆదాయం లెక్క కూడా చూడరు. ఫోన్ నంబరు 15100. సోమవారం పొద్దున్నే వెళ్లు, తోడుగా ఇంకొకర్ని తీసుకెళ్లు, ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు.